తోమిన దీపాలు

దుర్గ తోమింది. తోమమన్నాడు కాబట్టి తోమింది.

"మావా, ఇవి తోమొచ్చా?" అని అడిగింది కూడా. మొగుడు పైడిరాజు అప్పుడు ఫోన్లో ఎవరితోనో లారీ బ్యాటరీ గురించి తగువు పడుతున్నాడు. చెవి దగ్గర ఫోను తియ్యకుండానే, "ఇత్తడి కాదేటి? సుబ్బరంగా తోమీ. తళతళలాడిపోవాల" అనేసి బండెక్కి వెళ్లిపోయాడు. ఇంకేం! దుర్గ చింతపండు నానబెట్టింది. నీళ్ల పొయ్యిలోంచి బూడిద తీసి జల్లించింది. కొబ్బరి పీచు తీసుకుని, ఇంటి వెనక బోరింగు దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

అవి పెద్దబాబుగారి కారు దీపాలు. దీపాలంటే మొత్తం దీపాలు కాదు, అద్దం వెనక గిన్నెల్లా ఉండే రిఫ్లెక్టర్లు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న తిరుపతిరావుగారిని చిన్నా పెద్దా అంతా పెద్దబాబనే అంటారు. ఆయనకి రెండే సీట్లున్న విలాయతీ కారు ఒకటుంది. పైన కప్పు లేదు, తలుపు చూస్తే మోకాలెత్తు. ఒకప్పుడు పందేల్లో పరిగెత్తిన జాతి బండి అంటాడాయన. ఇప్పుడు కాశీబుగ్గ గేటు దగ్గర ఆటోలు కూడా దాన్ని దాటిపోతాయి, అది వేరే సంగతి. బండి వయసూ ఆయన వయసూ ఇంచుమించు ఒకటే. దానికి పుట్టినప్పుడు ఏ మేకు ఉందో ఇప్పటికీ ఆ మేకే ఉండాలి. ఆ ఒక్క విషయంలో కన్నకొడుకు మాట కూడా వినడు.

ఆయన రోజూ సాయంత్రం అక్కుపల్లి దగ్గరున్న తోటకి వెళ్లి, కాసేపు సముద్రం గాలి పీల్చుకుని, చీకటి పడ్డాక తిరిగొస్తాడు. ఈ మధ్య అలా వస్తూ బండిని మడిగట్టు ఎక్కించేశాడు. దీపాలు మసకబారిపోయాయి, రోడ్డు కనబడలేదన్నాడు. వెలుగు పెంచాలి, కానీ పైకి ఏదీ మారినట్టు కనబడకూడదు. అదీ పని. పైడిరాజు సరేనన్నాడు. బ్యాటరీ నుంచి దీపం దాకా లావుపాటి కొత్త వైరు, మధ్యలో ఎవరికీ కనబడని చోట రిలేలనే చిన్న స్విచ్చు డబ్బాలు, పాత అద్దం వెనకే కొత్త రకం బల్బు. అంతా లోలోపలే జరిగిపోవాలి. ఆ నల్లబడిన గిన్నెలు మెరిస్తే ఇంకా మంచిదనుకుని ఇంటికి పట్టుకొచ్చాడు.

నలుపు పోయింది. నలుపుతోపాటు ఇంకేదో కూడా పోయింది. కడిగి ఆరబెట్టాక చూస్తే గిన్నెలు పచ్చగా, అన్నప్రాశనకి కొన్న కొత్త ఇత్తడి పళ్లెంలా ఉన్నాయి. దుర్గ మురిసిపోయింది.

పైడిరాజు మధ్యాహ్నం అన్నానికొచ్చి, వాటిని చూసి, చేతిలో చెంబు కింద పడేశాడు.

"ఏటి సేసినావే! ఎండి పూతే అది! గీకి పారీసినావే!"

"నువ్వే కదేటి తోమమన్నావు."

"తుడవమన్నాను! మెత్తటి గుడ్డెట్టి తుడవమన్నాను!"

"తోమీ అన్నావు మావా. తళతళలాడాలన్నావు."

"నోర్ముయ్" అన్నాడు పైడిరాజు. నోరు మూయించడం తేలికే. తను ఏమన్నాడో తనకి గుర్తుందని ఆయన మొహమే చెబుతోంది. అందుకే అంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెద్దబాబు, కొడుకు యువరాజు షాపుకి వచ్చారు. దుర్గ అప్పుడు షాపు వెనక గదిలో బండిని స్టార్టు చేసే ఒక సెల్ఫ్ మోటారు లోపలి ఆర్మేచరుకి తీగ చుడుతోంది. "పైడిరాజు ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్" అని బోర్డు మీద పేరు ఆయన ఒక్కడిదే గానీ, వైండింగ్ పనంతా దుర్గదే. రాగి తీగ వేళ్ల మధ్య బిగువు తప్పకుండా, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండా చుట్టడం పైడిరాజుకి చేతకాదు. ఓపిక లేదు. దుర్గకి అది పనిలా అనిపించదు. ఆ తీగ పట్టుకుంటే ఆమెకి ఇల్లూ వాకిలీ గుర్తుకురావు.

పెద్దబాబు గిన్నెల మీదకి వంగాడు. ఒకదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తీగ చుడుతూనే దుర్గ తలుపు సందులోంచి చూసింది.

"ఎలా జరిగిందిరా?" అన్నాడు చివరికి.

"మా ఇంట్లో ఆడది బాబూ" అన్నాడు పైడిరాజు తల వంచుకుని. "తెలీక తోమీసినాది. అంట్లగిన్నెలనుకున్నాది. ఏటి సేత్తాం బాబూ, సదువు నేదు, సంధ్య నేదు."

దుర్గ చేతిలో తీగ ఆగిపోయింది. ఇంట్లో తిట్టాడు, పడింది. అది వేరు. పదిమంది వచ్చిపోయే షాపులో, పెద్దమనిషి ఎదుట, తను చేయించిన పనిని ఆమె మీదకి తోసేశాడు. ముందు దుఃఖం వచ్చింది, దాని వెంటే కోపం.

యువరాజు నవ్వాడు. "నేను ముందే చెప్పాను డాడీ. ఇవన్నీ పీకేసి ఎల్ఈడీలు పెట్టించెయ్యండి, లేదంటే భువనేశ్వర్ పార్టీకి అమ్మేద్దాం. ఈ వయసులో మీకు ఈ డ్రైవింగులు అవసరమా?"

"దాని జోలికి రాకు" అన్నాడు పెద్దబాబు. కానీ గొంతులో బలం లేదు.

"అయితే ఈ వారం చూస్తాను. దీపాలు బాగవకపోతే ఆ పార్టీకి ఫోన్ చేస్తాను. మొన్న మడిగట్టు. రేపు మనిషైతే?"

వాళ్లు వెళ్లాక పైడిరాజు వెనక గదిలోకి వచ్చి, దుర్గ ముందున్న ఆర్మేచరూ తీగ చుట్టా లాక్కుని బల్ల మీద పెట్టేశాడు. "రేపణ్ణుంచి షాపు సామాను ముట్టుకోకు. ఇంటి పని సూసుకో. సాలు."

ఆ దెబ్బ గట్టిగా తగిలింది. దుర్గ కొంగు దులుపుకుని లేచింది. ఇంటికెళ్లి వంటింట్లో కూర్చుని కాసేపు ఏడిచింది. ఏడిచాక ఆమెకి ఒక సంగతి గుర్తొచ్చింది. కిందటేడు వాళ్ల కన్నవారి ఊళ్లో అమ్మవారి ఇత్తడి మొగానికి వెండి పూత వేయించారు. టెక్కలిలో పాపారావు ఆచారి అని ఒకాయన వేశాడు. అమ్మవారికి వేసినవాడు కారుకి వెయ్యడా?

ఆ మధ్యాహ్నమే, మొగుడికి చెప్పకుండా, అతను షాపులో లేని వేళ చూసి గిన్నెలు రెండూ తీసి, పాత పంచె ముక్కలో చుట్టి, టిఫిను క్యారేజీలో పెట్టుకుని టెక్కలి బస్సెక్కింది.

పాపారావు ఆచారి కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని గిన్నెల్ని వేలి చివరతో ముట్టి చూశాడు. "ఇదేటమ్మా, కారుదా? ఇన్నాళ్లకి ఇదొకటొచ్చినాది నా కాడికి. ఎవులు తోమినారు?"

దుర్గ తల దించుకుంది. "నానే బాబూ."

"బాగా తోమినావు. మకిలి పిసరంత నేదు. కిందటి నెల్లో ఒకాయన నల్లటి పళ్లెం తెచ్చి అలగే పూత వెయ్యమన్నాడు. మకిలి మీద ఎండి నిలుత్తాదేటి? సగం పని నువ్వే సేసీసినావు."

దుర్గకి ఆ ముసలాయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది. ఆయన లోపల గదిలో గాజు తొట్టెలో ద్రావకం కలిపాడు. బ్యాటరీ నుంచి ఒక తీగ వెండి బిళ్లకీ, ఇంకోటి గిన్నెకీ తగిలించి, గిన్నెని ద్రావకంలోకి దించాడు. తీగలూ బ్యాటరీలూ దుర్గకి కొత్త కాదు గనక ఆమె గడప దగ్గరే కూర్చుని కళ్లార్పకుండా చూసింది. పచ్చటి ఇత్తడి మీద మొదట పాల మీగడలాంటి తెలుపు పట్టింది. తర్వాత ఆచారి మెత్తటి గుడ్డ చక్రం మీద మెరుగు పెడుతుంటే, ఆ గిన్నెలో ఆయన ముక్కు, కళ్లజోడు, పైన తిరుగుతున్న ఫ్యాను, అన్నీ కనబడ్డాయి.

"ఇంక సెయ్యి తగలనీకు. నీ మొగుడికీ సెప్పు" అన్నాడు. మళ్లీ పంచె ముక్కలో చుట్టి ఇచ్చాడు.

పైడిరాజు గిన్నెల్ని చూసి కళ్లు పెద్దవి చేశాడు. "బాగుంది" అనడానికి నోరు రాలేదు. "ఎవులు వెళ్లమన్నారు నిన్ను?" అన్నాడు.

"ఎవులూ వెళ్లమన్నేదు. బాగా తోమినానని కూడా అన్నారు ఆచారిగారు."

"నువ్వు బాధపడతావని అనుంటారు" అన్నాడు పైడిరాజు. గిన్నెలు పట్టుకుని షాపుకి వెళ్లిపోయాడు.

మర్నాడు అన్నీ బిగించాడు. పగటి వెలుతురులోనే షాపు గోడ మీద రెండు తెల్లటి చందమామలు పడ్డాయి. రిలేలు ఎక్కడున్నాయో, బండి కోసం వచ్చిన పెద్దబాబు వంగి వంగి వెతికాడు, దొరకలేదు. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, బండి తీసుకుని ఒక్కడే అక్కుపల్లి వెళ్లాడు. ఆయన పక్క సీట్లో ఎవరినీ ఎక్కించుకోడు.

మర్నాడు పొద్దున్న షాపు తెరవకముందే వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఏం మారలేదురా పైడిరాజూ. అదే మసక. అదే చీకటి."

పైడిరాజు నోరెళ్లబెట్టాడు. గోడ మీద వెలుగు తన కళ్లతోనే చూశాడు. కానీ పెద్దబాబు కనబడలేదన్నాక కనబడనట్టే కదా! తన కళ్లని తనే నమ్మడం మానేశాడు. "అయితే గిన్నె ఒంపే పోయుంటాది బాబూ. అంత గట్టిగా తోమితే ఉంటాదేటి? దానివల్ల వెలుగు రోడ్డు మీద పడకుండా ఎటో పోతన్నాది. మా ఆడది నా పరువు తీసీసినాది."

మళ్లీ అదే పాట. దుర్గ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఈసారి ఏడుపు రాలేదు. ఒంపు పోతే ఆచారి చెప్పడా? గోడ మీద చందమామ అంత గుండ్రంగా పడుతుందా? టీ గ్లాసులు బల్ల మీద టక్కున పెట్టింది.

"బాబూ, ఇయాళ సాయంత్రం నన్ను పక్కన కూకోబెట్టుకుని తీసికెల్లండి. నా వల్ల పాడైనాదంతన్నారు. ఎలగ పాడైనాదో నా కళ్లతో సూత్తాను."

"నీకేటే పిచ్చా!" అన్నాడు పైడిరాజు.

పెద్దబాబు ఆమెకేసి చూశాడు. ఎవరినీ ఎక్కించుకోని మనిషి ఏమనుకున్నాడో ఏమో, "రా అమ్మా" అన్నాడు. వారం దాకా ఆగనని యువరాజు అప్పటికే కబురు పంపాడు. ఇవాళ సాయంత్రమే ఆఖరు.

జీడి ఫ్యాక్టరీలు వదిలే వేళకి బయల్దేరారు. పని నుంచి వస్తున్న ఆడవాళ్లు రోడ్డు వారన నడుస్తూ, "ఓలమ్మో, దుర్గే! దొరసాని ఎక్కడికే?" అని కేకలేశారు. సీటు నేలకి ఆనుకున్నట్టుంది. గాలికి కొంగు నిలవడం లేదు. ఎంత దిగులున్నా దుర్గకి నవ్వొచ్చింది. పెద్దబాబు కూడా నవ్వాడు. తోటలో కాసేపు ఆగి, సముద్రం ఒడ్డు దాకా వెళ్లి తిరిగి బయల్దేరేసరికి పొద్దుగుంకింది.

ఆయన మీట నొక్కాడు. దుర్గ సీటు అంచుకి జరిగింది.

రోడ్డంతా తెల్లగా పరుచుకుంది. అటు జీడిమామిడి కొమ్మలు, ఇటు కొబ్బరి మొదళ్ల మీద గాట్లు, దూరాన రోడ్డు దాటుతున్న మేకపిల్ల, అన్నీ కనబడుతున్నాయి. దీపంలో ఎగిరే పురుగుల్ని లెక్కపెట్టొచ్చు. ఇంత వెలుగు ఏ కొత్త కారుకీ చూడలేదామె. పట్టలేని సంతోషంతో ఆయనవైపు తిరిగింది. పెద్దబాబు స్టీరింగు మీదకి వంగి, మెడ సాచి, కళ్లు చికిలించి చూస్తున్నాడు.

"చూశావా? ఏముంది ఇందులో?" అన్నాడు.

దుర్గ ఒకసారి రోడ్డుకేసి, ఒకసారి ఆయనకేసి చూసింది. ఎదురుగా ఒక వ్యాను వచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని బండి వేగం తగ్గించాడు. "ఈ ఎదురు దీపాలొకటి. చక్రాల్లా పూసుకుపోతాయి."

వ్యాను దాటింది. దాని వెనకే ఒకాయన సైకిలుకి చేపల పెట్టె కట్టుకుని నడిపించుకొస్తున్నాడు. తెల్ల చొక్కా, నెత్తిన తువ్వాలు, దీపం వెలుగులో నిలువెల్లా కనబడుతున్నాడు. బండి తిన్నగా అతని మీదకే పోతోంది.

"బాబూ! మనిషి! మనిషి!"

బ్రేకు కీచుమంది. సైకిలాయన పక్కకి దూకాడు. "కళ్లు కనబడ్నేదేటి!" అని అరిచి, మనిషెవరో గుర్తుపట్టి, నాలిక్కరుచుకుని, సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

బండి ఆగిపోయింది. దుర్గ తలుపు తీసుకుని దిగింది. దీపాల ముందుకి నడిచింది. కాస్త దూరం వెళ్లి, సరిగ్గా వెలుగు మధ్యలో నిలబడి వెనక్కి తిరిగింది. ఆమె పసుపు చీర భగ్గున వెలుగుతోంది. అరచెయ్యి చాపితే గీతలు కూడా కనబడుతున్నాయి.

"బాబూ, నాను కనబడతన్నానా?"

"ఎక్కడున్నావమ్మా? పక్కకి వెళ్లావా?"

దుర్గ అక్కడే రోడ్డు మీద నిలబడిపోయింది. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. గిన్నెల్లో ఏ లోపమూ లేదు, తన తోముడులో అంతకన్నా లేదు. ఈ మాట ఇప్పుడే షాపుకెళ్లి అందరి ముందూ అనేస్తే, మొగుడు నోరు మూసుకోవాల్సిందే. ఆమె వెనక్కి వచ్చి కారు తలుపు దగ్గర కింద కూర్చుంది.

"మా అమ్మ అప్పలమ్మ ఇలగే అనీది బాబూ. సవక బల్బులు తెత్తన్నారని నా తమ్ముణ్ణి తిట్టీది. మూడు బల్బులు మార్పించినాది. చివరికి సూత్తే కంటికి పొర. ఆపరేషనయ్యాక కట్టు ఇప్పితే, గోడ సూసి ఏటన్నాదో తెలుసా? ఇన్ని మరకలుంటే సున్నం ఎయ్యరేటే, సిగ్గు నేదా, అన్నాది."

పెద్దబాబు నవ్వలేదు. స్టీరింగుని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"నాకు తెలుసు తల్లీ" అన్నాడు. "తెలిసీ తెలీనట్టున్నాను. కళ్లు పోయాయంటే వాడు బండి అమ్మేస్తాడు. దీపాలు పోయాయంటే బాగు చేయించుకోవచ్చు కదా అనుకున్నాను." తలుపు మీంచి ఆమెకేసి వంగాడు. "ఎవరితో అనకమ్మా."

దుర్గ ఆయన మొహం చూసింది. షాపులో గిన్నెని పట్టుకున్నట్టే ఇప్పుడు స్టీరింగుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆయన మీద కోపం రావాలి, న్యాయంగా. రాలేదు. జాలేసింది.

"నానెవులితోనూ అనను. కానీ ఇయాళ ఈ బండి మీరింక నడపకండి బాబూ. ఆ సైకిలాయనకీ పెళ్లాం పిల్లలుంటారు."

ఆయన దీపాలు అలాగే ఉంచి, తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. దుర్గ మొగుడికి ఫోన్ చేసి, "బండి ఆగిపోనాది, బేగి రా" అని మాత్రం చెప్పింది.

పైడిరాజు, యువరాజు ఒకే మోటారు సైకిలు మీద వచ్చారు. పైడిరాజు దిగుతూనే అందుకున్నాడు. "మళ్లీ ఏటి ముట్టుకున్నావే? దేని మీద సెయ్యేసినావు?"

దుర్గ తాళం పిడికిట్లో బిగించి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తల దించుకోలేదు.

"ఇంక చాలు డాడీ" అన్నాడు యువరాజు. "దీపాలు బాగవలేదు కదా? రేపు పొద్దున్నే ఫోన్ చేసేస్తాను. ఈవిడ పాడుచేసిందాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు."

దుర్గ పెద్దబాబుకేసి చూడలేదు. చూస్తే అడిగినట్టుంటుందని ఎటో చూస్తూ నిలబడింది. ఆయన బండి దిగాడు. తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"దీపాలు బ్రహ్మాండంగా ఉన్నాయిరా" అన్నాడు. "మీ ఇద్దరికీ కళ్లున్నాయి కదా, చూడండి. నాకే లేవు. రెండు కళ్లకీ పొరలొచ్చి చాలా కాలమైంది. ఇప్పుడే ఒక మనిషిని చంపబోయాను. ఈ అమ్మాయి అరవబట్టి బతికాడు. ఎవరితో అననని నాకు మాటిచ్చింది, మీరెన్నన్నా పడుతోంది. నేనెలా ఊరుకోనురా?"

యువరాజు తండ్రి భుజం పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలో గెలిచినవాడి దర్జా లేదు, భయం ఉంది. "చెప్పొచ్చు కదా డాడీ. ఆపరేషన్ చేయించేవాణ్ణి కదా."

"చేయించు. అయ్యాక మళ్లీ నడుపుతాను. బండి అమ్మనని ఈ రోడ్డు మీదే చెప్పు."

యువరాజు కాసేపు నసిగాడు. "అమ్మను. కానీ డాక్టరు ఒప్పుకున్నాకే" అన్నాడు.

పైడిరాజు ఆ తెల్లటి రోడ్డుకేసి చూస్తున్నాడు. తను చేసిన పనే, ఎంత బాగా కుదిరిందో ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఏమీ అనకుండా తాళం తీసుకుని బండెక్కొచ్చు, ఎవరూ అడగరు. అది తెలిసే కాబోలు, మాట బయటికి రావడానికి అంత కష్టపడ్డాడు.

"బాబూ, తోమమన్నది నానే. తోమొచ్చా అని అడిగినాది కూడా. ఫోన్లో ఉండి, తోమీ అనీసినాను. మీ ముందర దాని మీదకి తోసీసినాను. ఆచారి కాడికి వెళ్లి పూత ఏయించుకొచ్చింది కూడా అదే, నాను కాదు."

దుర్గ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇన్నేళ్ల కాపురంలో పదిమంది ముందు ఆయన తప్పు ఒప్పుకోవడం ఆమె ఎరగదు.

పెద్దబాబు వెళ్లి కొడుకు మోటారు సైకిలు వెనక ఎక్కాడు. "బండి నువ్వు నడుపుతూ, పక్క సీట్లో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి తీసుకురా" అన్నాడు పైడిరాజుతో. "మెల్లగా."

పైడిరాజు బండి స్టార్టు చేశాడు. ముందు మోటారు సైకిలు, వెనక వీళ్లు. ముందుపోతున్న తండ్రీ కొడుకుల వీపులు వెలుగులో తెల్లగా కనబడుతున్నాయి. జీడి తోటలు దాటారు.

"ఆ సెల్ఫ్ మోటారు ఆర్మేచరు అలగే ఉండిపోనాది" అన్నాడు పైడిరాజు.

"ఉంటే?"

"ఉంటే ఏటి? రేపు సుట్టీ."

"సామాను ముట్టుకోకన్నావు కదేటి."

"అన్నాను. తప్పైపోనాది." గేరు మార్చాడు. "బోర్డు మీద నీ పేరు కూడా రాయిత్తాను. నవ్వుతావేటే? నిజంగానే అంతన్నాను." దుర్గ నవ్వుతోందో ఏడుస్తోందో తేల్చుకుందామని ఆమెకేసి తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"రాయిద్దువు గానీ, నన్ను సూడకు మావా" అంది దుర్గ. "రోడ్డు సూడు."